పదిహేడో ట్రే

మా అత్తయ్య మట్టి షెడ్డులోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుని అప్పటికి మూడు గంటలయింది. గుమ్మం ముందు పెట్టిన టీ చల్లారి మీగడ కట్టింది. పిలిస్తే పలకదు. చెవి ఆనిస్తే జల్లెడ ఊగుతున్న చప్పుడు మాత్రం వినపడుతోంది, చరచర, చరచర.

దీనంతటికీ కారణం నేనే. నిన్న సాయంత్రం అందరూ ఉండగా, నోరు ఊరుకోక, "అత్తయ్య ముక్కు ఇరవై ట్రేల్లో పదకొండు తప్పు చెప్పింది" అనేశాను.

వేరే ఇంట్లో అయితే ఇది నవ్వుకుని వదిలేసే మాట. మా ఇంట్లో కాదు. ముప్ఫయ్యేళ్ళుగా ఈ నర్సరీ నడిచింది ఆ ముక్కు మీదే. నారు పోసే ముందు పిడికెడు మట్టి అత్తయ్య ముక్కు దగ్గరికి పోవాలి. ఆవిడ కళ్ళు మూసుకుని "వాళ్ళున్నారు" అంటే విత్తనం పడుతుంది. "వాళ్ళు లేరు" అంటే ఆ మట్టి వెనక గుట్ట మీదికి పోతుంది. మొలకలొచ్చాక ఇంకోసారి చూసి ట్రేకి గుర్తు పెడుతుంది, అప్పుడు లేరంటే నారుతో సహా అదీ గుట్ట మీదికే. వాళ్ళంటే కంటికి కనపడకుండా వేళ్ళ చుట్టూ కాపురముండే సూక్ష్మజీవులు. నేను పనిచేసే మట్టి పరీక్షల ల్యాబులో ఒక్కొక్కరికీ బారెడు పేరుంది. అత్తయ్యకి ఆ పేర్లు అక్కర్లేదు. ఎదురింటి వాళ్ళ సంగతి చెప్పినట్టే చెబుతుంది.

షెడ్డు తలుపు ముందు బావగారు, అంటే మా ఆయన అన్నగారు, పచార్లు చేస్తున్నారు. ఈ నర్సరీకి యజమానీ, గుమాస్తా, తోటమాలీ అన్నీ ఆయనే. నన్ను చూడగానే ఆగారు.

"అమ్మని ఏడిపించడానికా నిన్ను పరీక్ష చెయ్యమన్నది?"

నిజమే, చెయ్యమన్నది ఆయనే. నాలుగేళ్ళుగా ఎండలు మరీ ముదిరాయి. పోయిన మూడు విడతల టమాటా నారూ నీడకని కట్టిన షేడ్‌నెట్ కిందే తలలు వాల్చేసింది. రైతులు వచ్చి చూసి, ఏమీ అనకుండా వెనక్కి తిరిగారు. తిట్టినా బావుండేది. అప్పుడే బావగారు నన్ను పిలిచి, ట్రే ట్రేకీ వేళ్ళ దగ్గర చిటికెడు మట్టి తీసుకెళ్ళి లోపం ఏమిటో చూడమన్నారు. తీసుకెళ్ళాను. చూశాను. అత్తయ్య "ఉన్నారు" అని సుద్దముక్కతో టిక్కు పెట్టిన ట్రేల్లో సగం బోసిగా ఉన్నాయి. "లేరు" అని ఇంటూ పెట్టిన పది ట్రేల్లో కొన్ని కిటకిటలాడుతున్నాయి. బొమ్మా బొరుసా వేసి చెప్పినా ఇంతకంటే బాగా కుదిరేది.

ఆ మాటే మళ్ళీ చెప్పాను, ఈసారి గొంతు తగ్గించి.

ఆ జీవుల్ని పెంచి చూసే మీ ల్యాబు గాజు ప్లేట్లే తప్పు చెప్పి ఉంటాయన్నారు ఆయన. ముప్ఫయ్యేళ్ళలో అమ్మ ఒక్కసారి తప్పు చెప్పింది లేదన్నారు. అయినా ఇప్పుడు ఎవరిది తప్పయితే ఏమిటి, శుక్రవారం నర్సరీ తాళాలు ఈ స్థలం కొనుక్కుంటున్న గోదాం వాళ్ళ చేతిలో పెట్టేస్తున్నానన్నారు. ఎండకి నిలబడే ఒక్క ట్రే చూపిస్తే తాళాలు నా జేబులోనే ఉంటాయని వారం నుంచి చెబుతున్నాను, ఎవరైనా చూపించారా అన్నారు.

చివరి మాట అనేసి మొహం అటు తిప్పుకున్నారు.

నేను వాచీ చూసుకున్నాను. పదకొండు దాటింది. పన్నెండింటికి టిప్పర్ వచ్చి వెనక గుట్ట ఎత్తుకుపోతుంది. గోదాం వాళ్ళకి స్థలం శుభ్రంగా కావాలట.

తలుపు తియ్యకపోతే పోనీ, కిటికీ ఉందిగా అనుకున్నాను. షెడ్డు పక్కన బస్తాలు దింపే కిటికీ ఒకటుంది, నడుమెత్తు. అందులోంచి దూరుతుంటే నా చుడీదార్ మేకుకి తగులుకుని పర్రుమని చిరిగింది. ల్యాబుకని వేసుకున్న కొత్తది. నా ఖర్మ అనుకుంటూ లోపలికి జారి, జల్లించిన మట్టి కుప్ప మీద చతికిలపడ్డాను.

అత్తయ్య తల తిప్పలేదు. "తలుపు వేసుకున్నాను గానీ కిటికీ మర్చిపోయాను" అంది.

"దులుపుకుని కూర్చోనా, వెళ్ళిపోనా?"

"కూర్చున్నావుగా."

కూర్చున్నాను. ఆవిడ జల్లెడ ఊపుతోంది. సన్నమట్టి కిందికి, బెడ్డలు పైకి. ఏమనాలో నాకు తెలియలేదు. క్షమించమంటే లెక్క తప్పని ఒప్పుకున్నట్టవుతుంది, లెక్క తప్పు కాదు. క్షమించమనకపోతే ఈ కిటికీలోంచి దూరింది ఎందుకూ అని.

అప్పుడు కిటికీలోంచి పొగ వచ్చింది. గుట్ట అవతల బేకరీ ఉంది. వాళ్ళ పొయ్యి వెనక గోడే మా పెరటి గోడ. ఒక వాయి రొట్టెలు మాడ్చేసినట్టున్నారు, ముక్కుపుటాలు మండిపోయాయి. నేను మొహం చిట్లించి కొంగు కోసం వెతుక్కున్నాను. చుడీదార్‌కి కొంగెక్కడిది?

అత్తయ్య నా మొహం చూసింది. చూసి, "కూర మాడుతున్నట్టుంది. వెళ్ళి పొయ్యి కట్టెయ్యి" అంది.

పొయ్యి మీద ఏమీ లేదు. పెద్దకోడలు పొద్దున్నే పిల్లల స్కూలుకి వెళ్ళింది. వంట ఇంకా మొదలే కాలేదు. అయినా మాడిన రొట్టెకీ మాడిన కూరకీ తేడా ఈవిడకి తెలియకపోవడమేమిటి? వీధి చివర ఎవరో బియ్యం కడిగితే పాతవో కొత్తవో చెప్పిన మనిషి.

పదకొండు తప్పులు ఎందుకొచ్చాయో అప్పుడు అర్థమయింది.

"ఎన్నాళ్ళయింది అత్తయ్యా?"

జల్లెడ ఆగిపోయింది.

బుకాయిస్తుందనుకున్నాను. బుకాయించలేదు. జల్లెడ పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో సంగతి చెప్పినట్టు చెప్పింది. రెండేళ్ళ కిందట వచ్చిన జ్వరం. జ్వరం పోయింది, దానితోపాటు వాసనా పోయింది. వస్తుందిలే, వస్తుందిలే అని చూసింది. పొద్దున్నే లేవగానే సబ్బు ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని చూసేదట. ఇప్పటికీ చూస్తుందట.

"మరి రెండేళ్ళుగా మట్టి సంగతి ఎలా చెబుతున్నారు?"

"మొహాలు చూసి."

నాకు అర్థం కాలేదు.

"మట్టి తెచ్చినవాళ్ళ మొహం చూసేదాన్ని. పెద్దాడు ఆశగా తెస్తే ఉన్నారనేదాన్ని. విసుగ్గా తెస్తే లేరనేదాన్ని. నేనే తెచ్చుకుంటే రంగు చూసి, చేత్తో నలిపి, అనుమానం వేసిందల్లా పారేయించేదాన్ని. కళ్ళు మూసుకునే ముందే చూసేసేదాన్ని, ఎవరికీ తెలియకుండా." వేళ్ళకంటిన మట్టి రాల్చుకుంది. "ఈ ముక్కు లేకపోతే ఈ ఇంట్లో నేనెందుకమ్మాయ్? మాడిపోయిన ఆ నారంతా నా మూలానే పోయింది. నాకు తెలుసు. తెలిసీ చెప్పలేకపోయాను."

ఆవిడ ఏడవలేదు. నేనే ఏడ్చాను. నిన్న అందరి ముందూ పదకొండు, పదకొండు అని వేళ్ళు చూపించి మరీ చెప్పిన నా తెలివికి నాకే సిగ్గేసింది. అది పోగొట్టుకోవడానికో ఏమో, నేను దాచుకున్నదీ బయటపెట్టాను.

ఆ ఇరవై మట్టి నమూనాల్నీ నేను రెండు వరసల ప్లేట్లలో వేశాను. మొదటి వరస మామూలు వెచ్చదనంలో పెట్టాను, నిన్న చెప్పిన లెక్క దానిదే. రెండో వరస పొరపాటున పక్క ఇంక్యుబేటర్‌లో పెట్టేశాను. దాన్ని ఎవరో వేరే పనికి నలభై ఎనిమిది డిగ్రీలకి తిప్పి ఉంచారు. మర్నాడు తీస్తే పంతొమ్మిది ప్లేట్లు అద్దంలా బోసిగా ఉన్నాయి. పాపం వాళ్ళంతా ఉడికిపోయారు. తిట్లు తినాల్సి వస్తుందని ఎవరికీ చెప్పకుండా పారెయ్యబోయాను. కానీ ఒక్క ప్లేటు మాత్రం అంచు నుంచి అంచు దాకా తెల్లగా, నూగునూగుగా పూసేసి ఉంది. ఏదో పైనుంచి పడిన చెత్త అనుకుని దాన్నీ వదిలేశాను.

"ఎన్నో నంబరు?" అంది అత్తయ్య.

"పదిహేడు."

"పదిహేడా?" ఆవిడ నడుం నిటారుగా అయింది. "అది నేను నింపిన ట్రే. ఆ రోజు మట్టి చాల్లేదు. పెద్దాడు చూస్తే మళ్ళీ కొత్త మట్టి తెప్పిస్తాడని, వెనక గుట్ట అడుగు నుంచి రెండు తట్టలు తోడుకొచ్చి నింపేశాను. తర్వాత భయమేసింది, పారేసిన మట్టి కదా అని. అందుకే మొలకలు రాగానే నేనే ఇంటూ పెట్టి గుట్ట మీద పారబోయించాను."

"గుట్ట అడుగునంటే ఎక్కడ?"

"బేకరీ గోడ వారగా. అక్కడయితేనే గుల్లగా తవ్వుకోవడానికి వస్తుంది."

బేకరీ గోడ. దాని అవతల పొయ్యి. ఆ గోడకి మా ఇంట్లో ఎవరూ వీపు ఆనించరు, కాలుతుంది. వానాకాలంలో బట్టలు ఆరేసేది దాని మీదే.

నేను లేచి నిలబడ్డాను. అప్పుడే వెనక సందులోంచి పెద్ద ఇంజను చప్పుడు, దాని వెనక హారన్ వినపడ్డాయి. టిప్పర్ అరగంట ముందే వచ్చేసింది.

అత్తయ్య నాకంటే ముందు తలుపు దగ్గరికి చేరింది. గడియ తీసిన ఊపుకి హారన్ విని అప్పుడే వచ్చి తలుపు తట్టబోతున్న బావగారు లోపలికి పడబోయి నిలదొక్కుకున్నారు. మూడు గంటలు బతిమాలినా తెరుచుకోని తలుపు అలా తెరుచుకుని, అందులోంచి మేమిద్దరం ఒంటినిండా మట్టితో పరుగెత్తడం చూసి ఆయన ఏమనుకున్నారో గానీ, వెనకే వచ్చారు.

సందులో వేరే తతంగం నడుస్తోంది. మా నర్సరీ వ్యాను సందుకి అడ్డంగా నిలబడి ఉంది. దాని మూత ఎత్తి, తల లోపల పెట్టి, మా ఆయన ఏదో తెగ వెతుకుతున్నారు. స్టార్ట్ అవడం లేదట. టిప్పర్ డ్రైవర్ హారన్ మీది చెయ్యి తియ్యడం లేదు. పెళ్ళయి ఆరేళ్ళయినా ఈ ఇంట్లో ఏ తగువులోనూ ఎవరి పక్షమూ పట్టని మనిషి మా ఆయన. నేను దగ్గరికి వెళితే తల ఎత్తకుండా, "గుట్ట పోతే అమ్మ తట్టుకోలేదనిపించింది" అన్నారు మెల్లగా. తాళంచెవి ఆయన చొక్కా జేబులోంచి కనపడుతూనే ఉంది. జన్మలో మొదటిసారి ఆ మనిషిని అందరి ముందూ కౌగిలించుకోవాలనిపించింది. టైము లేదు.

గుట్ట ఎక్కాను. చెప్పులు కూరుకుపోతున్నాయి. కిందటి పక్షంలో పారబోసిన ఇంటూ ట్రేల నారు అంతా అక్కడే ఉంది. ముద్దలు ముద్దలుగా, వేళ్ళతో సహా, ఎలా పడింది అలా. తొమ్మిది ట్రేలవి ఎండి గడ్డిపోచలయ్యాయి. పట్టుకుంటే పొడి అవుతున్నాయి.

పదో దాని కోసం చూశాను. గోడ వారగా, అందరికంటే ఎక్కువ వేడి తగిలే చోట, కళ్ళు చికిలించుకునే ఎండలో, పచ్చగా కనపడింది.

ముందు నమ్మలేదు. మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళాను. టమాటా మొక్కలు. జానెడెత్తు. తలకిందులుగా పడినవి కూడా వంకర తిరిగి పైకి లేచి నిలబడ్డాయి. ఆకు ఒక్కటీ వాలలేదు. మధ్యలో నంబరు రాసిన పుల్ల ఏటవాలుగా గుచ్చుకుని ఉంది. మట్టి తుడిచి చూశాను. పదిహేడు.

"అత్తయ్యా" అని పిలిచాను. చెయ్యి ఊపాను.

బావగారు ఆవిడకంటే ముందే వచ్చి చూశారు. అక్కడికక్కడే చతికిలబడ్డారు. ఆయన చెయ్యి ఒక ఆకు కింద పెట్టి, అలా పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తేరుకున్నాక మొదలయింది వాదన. నీళ్ళ వల్లేమో అన్నారు. మా గొడవ వినపడి బేకరీ ఆయన గోడ మీంచి తల పెట్టాడు, మొహమంతా పిండి. పిండి కలిపే తొట్లు కడిగిన నీళ్ళు రోజూ ఆ గుట్ట మీదే పారబోస్తానన్నాడు. ఒక్క చోటేనా అని అడిగాను. కాదు, ఎటు విసిరితే అటు, గుట్టంతా అన్నాడు. మరి మిగతా తొమ్మిదీ ఎందుకు మాడాయని బావగారిని అడిగాను. ఆయన ఎండిన పోచ ఒకటి తీసి నలిపి చూశారు.

"మీ పొయ్యి ఎన్నేళ్ళుగా వెలుగుతోంది?" అని గోడ మీది తలని అడిగాను.

"మా నాన్న పెట్టింది. పాతికేళ్ళ పైమాటే. ఒక్క రోజు ఆర్పింది లేదు."

అప్పుడు నాకు మాటలు తన్నుకొచ్చాయి. బావగారి చెయ్యి పట్టుకుని గోడకి ఆనించాను. చురుక్కుమని లాక్కున్నారు.

"చూశారా బావగారూ. మన మళ్ళకి నాలుగేళ్ళుగా వచ్చిన వేడి, ఈ మూలకి పాతికేళ్ళుగా ఉంది. తట్టుకోలేని వాళ్ళంతా ఇక్కడ ఎప్పుడో పోయారు. తట్టుకున్న వాళ్ళే మిగిలి, పిల్లాపాపలతో పెరిగారు. అత్తయ్య ఆ మట్టిలో విత్తనం వేస్తే, వాళ్ళు ఆ వేళ్ళని పట్టుకున్నారు. మనం వేసిన మళ్ళలో పాతవాళ్ళు ఎండకి చచ్చిపోయారు, అందుకే నారూ చచ్చింది. ఇదే నిజమయితే ప్రతి ట్రేలోనూ ఈ మట్టి ఒక గుప్పెడు కలిపితే చాలు."

"నిజమయితే" అన్నారు బావగారు.

అవును, నిజమయితే. నేను ల్యాబులో అయితే ఇరవై ట్రేలు కాదు, రెండొందల ట్రేలు వేసి, రెండు వేసవులు చూసి గానీ నోరు విప్పను. ఇక్కడ నా చేతిలో ఉన్నది గుట్ట మీద ఒక గుప్పెడు పచ్చదనం, పొరపాటున పెట్టిన ఒక ప్లేటు. అయినా నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది.

టిప్పర్ డ్రైవర్ దిగి వచ్చాడు. ఇంకో చోట పని ఉందన్నాడు. ఎత్తమంటే ఇప్పుడే ఎత్తుతాను, లేదంటే ఈ వారంలో మళ్ళీ రావడం కుదరదన్నాడు. అంటే శుక్రవారానికి స్థలం ఖాళీ కాదు. గోదాం వాళ్ళు వేరే చోటు చూసుకుంటారు. ఉంచితే నర్సరీ మా మెడకే ఉంటుంది, ఈ మట్టి పనిచేసినా, చెయ్యకపోయినా.

బావగారు గోడ వార నుంచి పిడికెడు మట్టి తీశారు. లేచి, గుట్ట దిగి, అత్తయ్య ముందు నిలబడ్డారు. చిన్నప్పట్నుంచీ ఎలా నిలబడేవారో అలాగే.

"అమ్మా, నువ్వు చెప్పు. వాళ్ళున్నారా? నువ్వు ఉన్నారంటే టిప్పర్‌ని పంపించేస్తాను."

మా ఆయన వ్యాను మూత వదిలేశారు. ముక్కు సంగతి తెలిసింది మా ఇద్దరికే, అత్తయ్యకీ నాకూ. ఒక్క మాట అంటే చాలు. రెండేళ్ళుగా అంటున్న మాటే. పెద్దకొడుకు మొహంలో ఆశ గుడ్డివాడికి కూడా కనపడేంత ఉంది.

అత్తయ్య మట్టి ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. కళ్ళు మూసుకోలేదు. కొడుకు మొహమే చూస్తోంది. చూసి, చూసి, ఆ మట్టిని తిరిగి ఆయన చేతిలోనే పెట్టి, వేళ్ళు మూసింది.

"నాకు వాసన తెలియదురా పెద్దాడా. రెండేళ్ళయింది. ఇన్నాళ్ళూ నీ మొహం చూసి చెప్పాను. ఇంక చెప్పలేను."

బావగారు కోప్పడతారనుకున్నాను. మాడిపోయిన మూడు విడతలూ, వెనక్కి తిరిగి వెళ్ళిపోయిన రైతులూ ఆయన కళ్ళలో కనపడ్డారు. ఆయన ఏమంటారోనని అత్తయ్య తల వంచుకుని నిలబడింది, తప్పు చేసిన పిల్లలాగా.

ఆయన రెండో చేత్తో అత్తయ్య భుజం మీది మట్టి దులిపారు.

డ్రైవర్ మళ్ళీ హారన్ కొట్టాడు. అత్తయ్య తలెత్తి నా వైపు చూపించింది. "దాన్ని అడుగు. దానికి ముక్కూ ఉంది, ప్లేట్లూ ఉన్నాయి."

బావగారు నా ముందుకి వచ్చి పిడికిలి విప్పారు. మట్టి ఇంకా వేడిగా ఉంది. నిన్న పదకొండు తప్పులు లెక్కపెట్టిన దాన్ని నేను. ఇప్పుడు నేను ఏదంటే అదే చివరి మాట. తప్పయితే, అది నా తప్పు.

తలెత్తితే ఆయన మొహం కనపడుతుంది. అందులో ఏముందో నాకు తెలుసు. అందుకని ముందు గట్టిగా కళ్ళు మూసుకుని, తర్వాత ఆ మట్టి మీదికి వంగాను.